జవాబు మార్చుకుంటే ఓడిపోయినట్టేనా?

ఈ మధ్య ఒకే మెసేజ్ మూడు వేర్వేరు గ్రూపుల నుంచి వచ్చింది. "పిల్లలకు ప్రశ్నించడం నేర్పండి" అని, కింద చేతులెత్తిన పిల్లల బొమ్మ. మంచి మాటే, కాదనను. కానీ చూసిన ప్రతిసారీ చిరాకేసింది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. నాలుగేళ్ళ పిల్లని ఒక్క పూట చూసుకున్నవాళ్ళెవరైనా చెప్తారు, ప్రశ్నించడం వాళ్ళకి మనం నేర్పేదేమీ లేదని. మనం చేసేదల్లా ఆ ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా మాన్పించి, పదేళ్ళ తర్వాత ఫీజు కట్టి మళ్ళీ నేర్పించడం.

నా చిరాకు అసలు దాని గురించి కాదని తర్వాత తెలిసింది. పిల్లలకు నిజంగా రానిది ఇంకొకటుంది, అది ఆ మెసేజ్‌లో లేదు. తమ జవాబు నిలబడదని తెలిశాక నలుగురి ముందూ దాన్ని మార్చుకోవడం. ఇది పెద్దవాళ్ళకీ రాదు, కాబట్టి నేర్పేవాళ్ళూ తక్కువే. క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టి న్యాయం, అబద్ధం, 'అదే వస్తువు' అంటే ఏమిటి లాంటి తత్వశాస్త్రం ప్రశ్నల మీద మాట్లాడించడం దేనికైనా పనికొస్తుందంటే, అన్నిటికంటే ముందు దీనికి పనికొస్తుందని నా నమ్మకం. ఇది పుస్తకాల్లోంచి వచ్చిన నమ్మకం కాదు. ఒక ఏడాది పాటు వారానికో పీరియడ్ ఆరో తరగతి పిల్లలతో ఈ పని చేసి, అందులో సగానికి పైగా తప్పుగా చేసి, తెలుసుకున్నది. నేను టీచర్ని కాను. తెలిసినాయన ఒకరు శుక్రవారం ఆఖరి పీరియడ్ ఖాళీగా ఉంది, వచ్చి ఏదైనా చెయ్యమంటే వెళ్ళాను, అంతే.

సైకిల్ గొడవ

మూడో వారమో నాలుగో వారమో. ఒక అబ్బాయికి వాళ్ళన్నయ్య సైకిల్ వచ్చింది. తన చేతికి వచ్చాక టైర్లు మార్చారు, సీటు మార్చారు, చెయిను, హేండిల్, మొన్ననే ఒక చక్రం. "అయినా అందరూ అన్నయ్య సైకిల్ అనే అంటారు సార్." వాడి బాధ అది. నాకు మాత్రం పండగే. చెక్కలన్నీ ఒక్కొక్కటిగా మార్చేసిన ఓడ అదే ఓడా అని, గ్రీకుల కాలం నుంచి థీసియస్ ఓడ పేరుతో ఉన్న ప్రశ్నని ఏదో ఒక వారం తీసుకెళ్దామని నోట్సు రాసి పెట్టుకున్నాను, ఈలోగా వాడే దాన్ని సైకిలెక్కించి తెచ్చేశాడు.

బోర్డు మీద రాశాను: అన్నీ మార్చేస్తే అదే సైకిలా?

ముందు బెంచీలో అమ్మాయి, ఫ్రేము ఉన్నంతవరకు అదే సైకిల్ అంది. వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. ఫ్రేముకి రంగేస్తే? రంగేసినా ఫ్రేము ఫ్రేమే. విరిగితే వెల్డింగ్ చేయిస్తే? అప్పుడూ అదే. సగం ఫ్రేము కొత్తది అతికిస్తే? ఇక్కడ ఆగింది. డెస్కు మీద వేలితో ఏదో గీస్తూ నిలబడింది. సైకిల్ ఫ్రేమే గీస్తోందని, ఎక్కడ కోస్తే సగమవుతుందో చూసుకుంటోందని నాకు కాసేపటికి గానీ వెలగలేదు. "ఏ సగం?" అంది చివరికి. ఈలోగా ఇంకొకడు, రిపేరు షాపులో పడేసిన పాత ముక్కలన్నీ ఏరుకొచ్చి ఎవరైనా ఇంకో సైకిల్ బిగిస్తే, అన్నయ్య సైకిల్ ఏదవుతుందని అడిగాడు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఆ ఓడ గురించి సరిగ్గా ఇదే అడిగాడు. వాడికి చెప్పలేదు, చెప్తే ఆ వారమంతా వాణ్ణి పట్టుకోలేం.

అప్పుడా అమ్మాయి అంది: "అయితే ఫ్రేము కాదు. నాది మార్చుకుంటున్నా. మధ్యలో ఆపకుండా తొక్కుతూ వచ్చింది ఏదో, అదే అన్నయ్య సైకిల్."

ఆ పీరియడ్ మొత్తానికి ఇంతకంటే మంచి ఆలోచన ఎవరూ చెయ్యలేదు. ముక్కల్లో వెతకడం మానేసి, వస్తువు నడిచొచ్చిన దారిలో వెతికింది. కానీ క్లాసు ఏం చేసింది? "ఓడిపోయింది! ఓడిపోయింది!" అని డెస్కులు బాదింది. ఆ పిల్ల కూర్చుంది. తర్వాత రెండు వారాలు చెయ్యెత్తలేదు.

వాళ్ళకిది ఎవరు నేర్పారని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. టీవీ చర్చలని తిట్టడం తేలిక. కానీ మన మాటల్లోనే ఉంది కదా. మాట మార్చాడు, నాలిక మడతేశాడు, ప్లేటు ఫిరాయించాడు: అన్నీ తిట్లే. మాట మీద నిలబడ్డాడంటే మెచ్చుకోలు. మొండిపట్టుని వెక్కిరించడానికి మూడు కాళ్ళ కుందేలు ఉందనుకోండి. కానీ "నువ్వు చెప్పింది విన్నాక నాది తప్పని తెలిసింది" అన్న మనిషిని గౌరవంగా చెప్పుకోడానికి ఒక్క నుడికారం కోసం వెతికితే నాకైతే దొరకలేదు. ఇచ్చిన మాట తప్పడం, అభిప్రాయం మార్చుకోవడం రెండూ ఒకటి కావు. రెంటినీ ఒకే గాటన కట్టేశాం. ఆ గాటనే మా క్లాసు ఆ పిల్లని కట్టింది.

పిల్లలతో తత్వం మాట్లాడించే ఈ పద్ధతికి ఆద్యుడని చెప్పే మాథ్యూ లిప్‌మన్ పిల్లల కోసం రాసిన మొదటి నవల ఎలా మొదలవుతుందో అప్పుడు గుర్తొచ్చింది. లిప్‌మన్ కొలంబియా యూనివర్సిటీలో కాలేజీ కుర్రాళ్ళకి లాజిక్ చెప్పి, ఈ వయసుకి ఆలస్యమైపోయిందనుకుని పిల్లల వైపు తిరిగిన మనిషి. 1974లో అమెరికాలోని మాంట్‌క్లేర్‌లో దీనికోసమే ఒక సంస్థ పెట్టారు, ఆన్ మార్గరెట్ షార్ప్ ఆయనతో కలిసి పనిచేశారు. ఆ నవల్లో హ్యారీ అనే కుర్రాడు క్లాసులో పరధ్యానంగా ఉంటాడు. తోకతో ఉండి, 77 ఏళ్ళకోసారి సూర్యుడి చుట్టూ తిరిగేది ఏదని టీచర్ అడుగుతాడు. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ తిరుగుతాయని విన్నట్టు గుర్తు కాబట్టి గ్రహం అంటాడు హ్యారీ. అందరూ నవ్వుతారు. గ్రహాలన్నీ తిరుగుతాయి గానీ తిరిగేవన్నీ గ్రహాలు కావు, ఈ వాక్యాన్ని తిరగేస్తే నిజం కాకుండా పోతోందేమిటని వాడు కూర్చుని తవ్వుకోవడంతో కథ సాగుతుంది. అంటే ఆ నవలకి మొదలే నలుగురూ నవ్విన ఒక తప్పు జవాబు. లిప్‌మన్ తెలిసే అక్కడ పెట్టి ఉంటాడని నాకనిపిస్తుంది.

వెరీ గుడ్

పిల్లల్ని అనేముందు నా సంగతి. ఒక పీరియడ్‌ని ఫోన్లో రికార్డు చేసి ఇంటికొచ్చి విన్నాను. వినకుండా ఉంటే బాగుండేది. మొదటి పది నిమిషాల్లోనే 'వెరీ గుడ్' 9 సార్లు ఉంది. నాకు నచ్చిన జవాబుకి వెరీ గుడ్, నచ్చనిదానికి "ఊఁ... ఇంకెవరు?" ఆ "ఇంకెవరు?" అంటే తప్పు అని పిల్లలకి ఒకటో తరగతి నుంచీ తెలుసు. నేను చర్చ అనుకున్నది నిజానికి నా మనసులో ఏముందో కనిపెట్టే క్విజ్.

ఇంకోటి, ప్రశ్న అడిగి నేను ఆగిందే లేదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే సైన్సు క్లాసుల్లో ఇది కొలిచింది. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగవుతాయి, "ఒకవేళ" అంటూ ఊహించి చెప్పేవి పెరుగుతాయి, మామూలుగా నోరెత్తనివాళ్ళూ మాట్లాడతారు. 3 సెకన్లే కదా అనుకుంటాం. 50 మంది పిల్లల ముందు నిలబడి మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి చూడండి, కొండంత బరువుగా ఉంటుంది. నేను చేతిలో చాక్‌పీసు తిప్పడం మొదలుపెట్టాను, మూడు తిప్పులయ్యేదాకా నోరు విప్పకూడదని. కొన్నాళ్ళకి పిల్లలు దాన్ని గమనించి వాళ్ళూ పెన్నులు తిప్పడం మొదలుపెట్టారు, అది వేరే కథ.

వెరీ గుడ్ మానేసి "ఎందుకని?" అనడం నేర్చుకున్నాను. దీనికి ఎదురుగా ఇంకో గొయ్యి ఉంది, అందులోనూ పడ్డాను. ఎవరేం చెప్పినా తలూపుతూ, "ఎవరి అభిప్రాయం వాళ్ళది" అని ముగించడం. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. కానీ ఎవరి అభిప్రాయం వాళ్ళదే అయితే పక్కవాడు చెప్పేది వినడం దేనికి? మార్చుకోవాల్సిన అవసరమే రాదు. ఒకమ్మాయి విసుగ్గా అడిగేసింది కూడా, "అన్నీ రైటే అయితే ఇంతసేపు ఎందుకు సార్ మాట్లాడుకోవడం?" అని.

సైకిల్ గొడవ తర్వాత ఒక ఏర్పాటు చేశాను. పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాలు ఒకటే ప్రశ్న: ఇవాళ ఎవరు జవాబు మార్చుకున్నారు, ఎవరి మాట వల్ల? మొదటి వారం ఎవరూ లేవలేదు. రెండో వారం ఇద్దరు. నెల తిరిగేసరికి సగం క్లాసు లేచేది. నాకు ఆనందం పట్టలేదు. నేను వింటున్నది నటన అని తెలియడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. సార్‌కి మార్చుకుంటే ఇష్టమని కనిపెట్టేశారు. ఒకడైతే పీరియడ్ మొదట్లో కావాలనే పిచ్చి జవాబు చెప్పి, చివర్లో గంభీరంగా లేచి మార్చుకునేవాడు. వెరీ గుడ్ అనే మాట నా నోట్లోంచి పోయి నా మొహంలోకి ఎక్కిందన్నమాట. ఆ తర్వాత పేరు కాదు, ఏ మాట వల్ల మారారో ఆ మాట చెప్పాలన్నాను. చెప్పలేనివాళ్ళని పిల్లలే పట్టేసేవారు, "వాడు ఆ మాట అననే లేదు సార్!" అని. కొంత నయం. పూర్తిగా బాగుపడిందని చెప్పను.

కుక్కపిల్లల భయం

దీని మీద ఉన్న అభ్యంతరాలన్నీ చిన్నవి కావు. అన్నిటికంటే పాతది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ప్లేటోది. సంభాషణతో తత్వం చెప్పిన సోక్రటీస్‌ని ప్రపంచానికి చూపించిన ప్లేటోనే, తన ఆదర్శ రాజ్యంలో 30 ఏళ్ళు వచ్చేదాకా ఎవర్నీ వాదవిద్య దగ్గరకి రానివ్వొద్దంటాడు. కుర్రాళ్ళకి దాని రుచి తగిలితే కుక్కపిల్లల్లా దగ్గరికొచ్చిన ప్రతివాణ్ణీ మాటలతో పీకి లాగుతారట. కొందర్ని ఓడించి, కొందరి చేతిలో ఓడిపోయి, చివరికి ఏదీ నమ్మని స్థితికి వస్తారట. చదివి నవ్వుకున్నాను గానీ మా క్లాసులో ఆ కుక్కపిల్లలు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు మాటకారులు ఎవరేమన్నా "డెఫినిషన్ చెప్పు" అని మీద పడేవాళ్ళు. వాళ్ళకి అది కొత్త ఆయుధం. ప్లేటో చూసింది అబద్ధం కాదు. అయితే నాకు కనిపించిందేమిటంటే, ఆ పీకులాట వయసు వల్ల వచ్చేది కాదు, గెలుపోటముల లెక్క వల్ల వచ్చేది. ఆ లెక్క 40 ఏళ్ళవాళ్ళలోనూ అంతే ఉంటుంది. మన ఆఫీసు మీటింగుల్లో లేదా?

పిల్లలకి అమూర్తమైన ఆలోచన రాదన్నది రెండో అభ్యంతరం, పిల్లల మనస్తత్వం మీద పనిచేసిన పియాజే పేరు చెప్పి అంటారు, 11, 12 ఏళ్ళ దాకా ఆగాలని. దీని మీద ఎక్కువ సేపు కూర్చోను. "ఏ సగం?" అన్న పిల్లని చూశాక నాకు ఆ అనుమానం పోయింది. 'వస్తువు అస్తిత్వం' అనే మాట వాళ్ళకి అక్కర్లేదు, సైకిల్ చాలు.

మూడోది నేను చేసిన పాపం. ఎప్పుడూ మాట్లాడని అబ్బాయి ఒకడుండేవాడు. అందరూ మాట్లాడితేనే సమానత్వమని నాకు పట్టింపు. వరసపెట్టి ఒక్కొక్కర్నీ చెప్పమనేవాణ్ణి. వాడి వంతు వచ్చేసరికి చెవులు ఎర్రబడేవి. కొన్నాళ్ళకి శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి వాడికి కడుపునొప్పి మొదలైంది. నాకు టాపు లేచిపోయేంత సిద్ధాంతం ఉంది గానీ ఈ కడుపునొప్పి మూడోసారి వచ్చేదాకా అర్థం కాలేదు. తర్వాత వంతులు మానేశాను. వాడు మళ్ళీ రావడం మొదలుపెట్టాడు, ఏడాది చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. వాడేం ఆలోచించాడో నాకు తెలియదు. ఈ పద్ధతి మాటకారులకి చుట్టం. ఇది దాని నిజమైన లోపమని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మార్కుల సంగతి

తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన సూటిగా అడిగారు, దీనివల్ల మార్కులు పెరుగుతాయా అని. పెరుగుతాయని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పడానికి ఆధారం కూడా ఉండేది. 2015లో ఇంగ్లండులో 48 స్కూళ్ళలో, 9, 10 ఏళ్ళ పిల్లలు సుమారు 3,000 మందితో చేసిన అధ్యయనంలో, ఈ చర్చలు చేసినవాళ్ళు చదవడంలో, లెక్కల్లో మిగతావాళ్ళకంటే రెండు నెలలు ముందున్నారని తేలింది. అప్పట్లో అందరూ దాన్నే చెప్పుకున్నారు. అయితే దాదాపు 200 స్కూళ్ళతో ఇంకా పెద్ద ఎత్తున మళ్ళీ చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. పేద కుటుంబాల పిల్లలు చదవడంలో మెరుగైనట్టు ఏమీ కనిపించలేదు. మొదటిది చెప్పి రెండోది దాచేస్తే, పిల్లలకి నేర్పుతానని బయల్దేరినదానికి నేనే ఎదురెళ్ళినట్టు.

అందుకే తెలియదండీ అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. ఇంటికొస్తూ నా మీద నాకే కోపమొచ్చింది, అయినా ఇప్పుడాలోచిస్తే అదే సరైన జవాబు. మార్కుల పేరు చెప్పి దీన్ని అమ్మితే, మార్కులు రానినాడు అంతే తేలిగ్గా తీసి పక్కన పెడతారు. సంగీతం నేర్చుకుంటే లెక్కలొస్తాయని చెప్పేవాళ్ళని చూసినా నాకు ఇదే అనిపిస్తుంది. పాట పాటకోసం నేర్చుకోకూడదా?

మిగతా పీరియడ్లు

ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి పిల్లలు కుతకుతలాడుతున్నారు. పొద్దున ఎవరో ఇద్దరు అల్లరి చేస్తే లెక్కల మాస్టారు క్లాసు మొత్తాన్ని నిలబెట్టారు. అదే మాట్లాడదామన్నారు. తప్పు చెయ్యనివాణ్ణి నిలబెట్టడం న్యాయమా? నాకు గొంతులో వెలక్కాయ పడింది. వద్దంటే ఈ పీరియడ్‌కి అర్థం లేదు, సరేనంటే ఆయన్ని ఆయన వెనక బోనెక్కించినట్టు. సరేనన్నాను. మాస్టారి పేరెత్తకుండా మాట్లాడాలన్నాను, అందరికీ తెలిసిన పేరు ఎత్తకపోతే ఏం లాభమో నాకే తెలియదు.

సోమవారం ఆయనే ఫోన్ చేశారు. "మీరు వారానికో గంట మాట్లాడించి వెళ్ళిపోతారండీ, మిగతా పీరియడ్లు మేం పడాలి. వాళ్ళిప్పుడు ప్రతిదానికీ ఎందుకని అడుగుతున్నారు. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఇలాంటి చర్చల గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఆయన్ని విలన్ని చేసేస్తారు, కానీ ఆయనకి ఉన్నది 52 మంది పిల్లలు, పాతబడిన గొంతు, తరుముకొస్తున్న పరీక్షలు. నేను క్షమాపణ చెప్పాను.

కానీ ఆ తర్వాత జరిగింది నాకు పిల్లలు చెప్పారు. ఆయన క్లాసులో వాళ్ళనే అడిగారట, ఎవరు చేశారో తెలియనప్పుడు నన్నేం చెయ్యమంటారని. తెలియనప్పుడు ఎవర్నీ నిలబెట్టకూడదని ఒకడన్నాడు. "అయితే రేపట్నుంచి అందరూ తెలియకుండా అల్లరి చేస్తారు, క్లాసు ఎలా నడపాలో నువ్వే చెప్పు" అన్నారట. వాడు ఆలోచించి, "నాకు తెలీదు సార్" అన్నాడట. ఆయన "నాకూ తెలీదురా, అందుకే నిలబెట్టాను" అన్నారట. ఏడాది మొత్తంలో జరిగిన మంచి చర్చ ఇదేనని నా లెక్క, ఇది నా పీరియడ్‌లో జరగలేదు. ఇద్దరూ తమ దగ్గర జవాబు లేదని ఒప్పుకున్నారు, ఎవరూ డెస్కులు బాదలేదు.

తెరిచిన పుస్తకం

ఇక చివరగా నా సంగతి, ఇది రాయాలా వద్దా అని తటపటాయించాను. ఆ వారం అబద్ధం గురించి. నిజం కానిది చెప్పడమే అబద్ధం అని బోర్డు మీద రాసుకుని మొదలుపెట్టాం. పరీక్షలో తప్పు జవాబు రాస్తే అబద్ధమా అని ఒకరడిగారు, దాంతో 'తెలిసి' చేరింది. నాటకంలో వేషం వేసినవాడి సంగతేమిటన్నారు, 'మోసం చెయ్యాలని' చేరింది. బాగా నడుస్తోంది, నాకు హుషారుగా ఉంది. అప్పుడొకడు లేచాడు. వాళ్ళమ్మ హోంవర్క్ చేస్తున్నావా అని వంటింట్లోంచి అడిగితే, "పుస్తకం తెరిచే ఉందమ్మా" అన్నాడట. పుస్తకం నిజంగానే తెరిచే ఉంది. వాడు మాత్రం బొమ్మలేసుకుంటున్నాడు.

అది అబద్ధమేరా అన్నాను నేను, ఠక్కున, మూడు సెకన్లూ చాక్‌పీసూ అన్నీ మర్చిపోయి. ఒకమ్మాయి నన్ను సమర్థిస్తూ ధర్మరాజుని తెచ్చింది. అశ్వత్థామ చచ్చిందని గట్టిగా, ఏనుగని మెల్లగా అన్నాడు, అన్నది నిజమే అయినా రథం నేలకి దిగింది కదా అని. క్లాసంతా అవునవును అంది. వాడు కూర్చోలేదు. బోర్డు వైపు చూపించి, "అయితే 'నిజం కానిది' అన్న మాట కొట్టెయ్యాలి కదా సార్? నిజం చెప్పినా అబద్ధమవుతుంటే అది అక్కడెందుకు?" అన్నాడు.

వాడన్నది నిజం. కొట్టెయ్యాలి, లేదా అబద్ధానికీ మోసానికీ తేడా ఉందని ఒప్పుకుని, వాళ్ళమ్మకి వాడు చెప్పింది అబద్ధం కాదు, మోసం మాత్రమే అనాలి. రెండిట్లో ఏది అన్నా నేను ముందన్నది వెనక్కి తీసుకోవాలి. 50 మంది చూస్తున్నారు. గోడ గడియారం చూశాను. బెల్లుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. "సరే, టైమైపోయింది, బ్యాగులు సర్దుకోండి" అన్నాను. వాడూ ఒకసారి గడియారం వైపు చూసి కూర్చున్నాడు.

ఆ వారమంతా అది గొంతులో ముల్లులా ఉంది. సైకిల్ పిల్లని వెక్కిరించినందుకు 50 మందిని తప్పుపట్టినవాణ్ణి, నా వంతు వచ్చేసరికి గడియారం వెనక దాక్కున్నాను. తర్వాతి శుక్రవారం వెళ్ళగానే బోర్డు మీద పాత వాక్యం మళ్ళీ రాసి, 'నిజం కానిది' కొట్టేసి, పోయినవారం వాడు అన్నది సరైనదని, జవాబు లేక తప్పించుకున్నానని చెప్పాను. చాలామందికి ఏ సంగతో గుర్తే లేదు. కొందరు పెన్నులు తిప్పుతున్నారు. వాడు మాత్రం తల వంచుకుని ఏదో గీసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:

"తెలుసు సార్. ఇంకా నాలుగు నిమిషాలుంది."